నా షేర్లు నా హెల్పర్‌కు అమ్మిన సంగతి

మా రిటైర్డ్ కార్మికుల పత్రికలో పెద్దవాళ్ళు రాసే అనుభవాలను మొదటి నుంచీ చదువుతున్నాను. ఒకరు వరద నీళ్ళలో రెండు షిఫ్టులు పంపు నడిపి గనిని కాపాడారు. ఒకరు పైకప్పు కూలుతుంటే నలుగురిని బయటికి లాగారు. చదివినప్పుడల్లా ఒక అనుమానం వస్తుంది. మనమంతా ఇన్ని మంచి పనులే చేస్తే, ఆ చెడ్డ పనులన్నీ ఎవరు చేసినట్టు? కొన్ని నేను చేశాను. ఒకటి రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదివితే బాగుంటుంది. పేర్లు మాత్రం రాయను. నా వల్ల ఒకసారి నష్టపోయినవాళ్ళను మళ్ళీ నలుగురిలో నిలబెట్టడం న్యాయం కాదు.

బొగ్గు గనిలో ముప్పై నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేశాను. హెల్పర్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ఆ ఉద్యోగం గురించి మీకు ఇక్కడ తెలియవలసింది ఒక్కటే. లైను మీద పని చేయాలంటే ముందు కరెంటు ఆపాలి. ఆపే చోటికీ పని జరిగే చోటికీ ఒక్కోసారి కిలోమీటరు దూరం, మధ్యలో చీకటి. తెలియక ఎవరైనా స్విచ్ వేస్తే అవతల మనిషి మిగలడు. దానికి తాళాలున్నాయి, కాగితాలున్నాయి, సంతకాలున్నాయి. అవన్నీ చేసేవాళ్ళం. అవి కాక మా సెక్షన్‌లో ఇంకో అలవాటు ఉండేది. కరెంటు ఆపినవాడు మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకుని, పని చేసే మనిషి దగ్గరిదాకా నడిచి వెళ్ళాలి. ఆ మనిషి ఆ జేబును చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు లైను ముట్టుకుంటాడు.

నా దగ్గర ఒక హెల్పర్ ఉండేవాడు. నాకంటే ఐదేళ్ళు చిన్న. చర్ల దగ్గర అడవిని ఆనుకున్న ఊరు. పొడుగు మనిషి, గనిలో వంగి వంగి నడుము పాడుచేసుకున్నాడు. నాతో కలిసి పంతొమ్మిదేళ్ళు పనిచేశాడు. మొదటి ఏడాది నా జేబు తడిమాడు. తర్వాత మానేశాడు. ఒకసారి కోప్పడితే నవ్వాడు.

"నువ్వొచ్చినవంటే తీసినట్టే గదన్నా. మళ్ల జేబు పిసుకుడేంది?"

ఆ పద్దెనిమిదేళ్ళూ అతను నా మాట మీద తీగల మీద చేయి పెట్టాడు. నేను తర్వాత అమ్ముకున్నది దీన్నే.

రిటైరయ్యాక ఖమ్మంలో, బోనకల్ వెళ్ళే రోడ్డు పక్కన, మా అబ్బాయి పేరు మీద కొన్న స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. మొదటి మూడేళ్ళూ నన్నెవరూ ఏమీ అడగలేదు. వీధిలో కరెంటు పోయినా పక్కింటివాళ్ళు ఫోన్ చేసి ఎవరినో పిలిపించుకునేవాళ్ళు. నేను గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఆ రోజుల్లో ఒక పెళ్ళిలో పరిచయమయ్యాడు ఆ కంపెనీ యజమాని. ముప్పై ఏళ్ళుంటాయి. మధిర వైపు మాట, ఇస్త్రీ చొక్కా, మనం మాట్లాడుతుంటే ఫోను బోర్లా పెట్టే మర్యాద.

"అంకుల్, మీరు ముప్పై నాలుగేళ్ళు కరెంటుతో పనిచేశారు. మీకు నేను చెప్పేదేముందండీ? మీరే నాకు చెప్పాలి" అన్నాడు.

నా సర్వీసు మొత్తంలో ఏ ఆఫీసరూ నాతో అనని మాట అది.

అతను చెప్పింది ఇది. క్రిప్టో అనే డిజిటల్ నాణేలున్నాయి. వాటిని పుట్టించడానికి పగలూ రాత్రీ లెక్కలు కట్టే యంత్రాలు కావాలి. చెప్పుల పెట్టె కంటే కొంచెం పెద్దవి, లోపల చిప్పులు, రెండు పక్కలా ఫ్యాన్లు. ఒక్కొక్కటి రెండు ఏసీలంత కరెంటు తాగుతుంది. ఇప్పుడవి బయటి దేశాల నుంచి వస్తున్నాయి, మనమే తయారు చేస్తే? కంపెనీ చిన్నగా ఉన్నప్పుడే షేర్లు కొన్నవాళ్ళు రేపు పెద్దదయ్యాక ఎక్కడ ఉంటారు? భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట, మూతపడిన ఒక రైసు మిల్లును కిరాయికి తీసుకుని అప్పటికే పని మొదలుపెట్టాడు. నాకు టెక్నికల్ డైరెక్టర్ అని కార్డులు కొట్టించి ఇచ్చాడు. కార్డు మీద నా పేరుకు ముందు శ్రీ కూడా ఉంది.

ముందు నేనే కొన్నాను. అబద్ధమెందుకు, అప్పుడు నేను నిజంగా నమ్మాను. తర్వాత అమ్మడం మొదలుపెట్టాను. ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టలేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళేవాణ్ణి, అంతే. కూసుమంచిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నాతో పాటు గనిలో బొగ్గు టబ్బులు లాగే యంత్రం నడిపిన హాలేజీ ఆపరేటరు నా కార్డు చూసి అందరికీ వినపడేలా అరిచాడు.

"ఏందన్నా, డైరెక్టరైనవంట! సిన్మా తీస్తున్నవా?"

"సిన్మా గాదురా, కంపెనీ."

"కంపెనీల ఈయనకేమన్న చౌకీదారు పని ఉంటె ఇయ్యి బావా. ఇంట్ల పండుడు సూడలేక సస్తున్న" అంది అతని భార్య, అప్పడం విరుస్తూ.

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక అతను నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు పెట్టినవా?"

"పెట్టిన."

"ఐతే నాది గూడ పెట్టు."

ఒక్క ప్రశ్నే. అలా పదకొండు మంది చేరారు. మంచి యజమానికి మంచి అమ్మకందారు దొరికాడు.

వాళ్ళను ఇద్దరు ముగ్గురుగా ఆ మిల్లుకు తీసుకెళ్ళేవాణ్ణి. షెడ్డులో ఇనుప అల్మారాల నిండా పెట్టెలు, ఒకటే హోరు. మా బొగ్గు గనుల మనుషులకు యంత్రాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. మోటారు దగ్గరికి వెళ్ళి, మొదట చెవి పెడతాం, తర్వాత చేయి తిప్పి వెనక వైపు ఆనిస్తాం. చప్పుడు చేస్తూ వేడిగా ఉంటే అది పని చేస్తున్నట్టు. మావాళ్ళంతా వరసగా చేతులు తిప్పి పెట్టెలకు ఆనించి, తలలూపి, తృప్తిగా బయటికి వచ్చేవాళ్ళు. కొత్తగూడెం చుట్టుపక్కల ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఖాళీ డబ్బా పెట్టినా వేడిగానే ఉంటుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తెరిచి చూపమని అడిగితే మాత్రం, అలా తెరిస్తే వారంటీ పోతుందని యజమాని చెప్పేవాడు. ఆ మాట మాకు సబబుగానే తోచేది.

ఐదోసారో ఆరోసారో వెళ్ళినప్పుడు బస్సు కోసం బయట నిలబడి, అలవాటుగా తల ఎత్తి స్తంభం వైపు చూశాను. స్తంభం నుంచి షెడ్డుకు వచ్చే సర్వీసు వైరు ఒకే ఒక్కటి, సింగిల్ ఫేజు. మామూలు ఇంటికి వేసేంత సన్నది.

అది చూసి అర్థం చేసుకోవడానికి నాకు మీటరు అక్కర్లేదు. లోపల ఉన్నన్ని పెట్టెలు నిజంగా నడిస్తే ఆ వైరు ఒక్క నిమిషంలో కరిగి కింద పడాలి. పడలేదంటే, అవి నడవడం లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అంతే.

లోపలికి వెళ్ళి అడిగాను. "పెద్ద జనరేటర్ ఉందండీ అంకుల్ వెనకాల. మెయిన్ లోడంతా దాని మీదే" అన్నాడు అతను, కళ్ళార్పకుండా. వెనక్కి వెళ్ళి చూశాను. జనరేటర్ ఉంది. దాని మీద ఒక కోడి పొదుగుతోంది. నన్ను చూసి రెక్కలు విప్పి అరిచింది తప్ప లేవలేదు.

ఇక్కడ నేను చేయవలసిన పని మీలో చిన్నపిల్లవాడికైనా తెలుసు. పదకొండు మందికి ఫోన్ చేయాలి. నేను ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. మూడో రోజు ఒక్క ఫోన్ చేశాను, ఆ యజమానికే. నా షేర్లు వెనక్కి తీసుకోమన్నాను.

"కంపెనీ వెనక్కి తీసుకోదండీ. మీరే ఎవరికన్నా అమ్ముకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కాగితాలు నేను చేయిస్తాను" అన్నాడు. పైగా, "మీరు చెబితే ఎవరు కాదంటారు అంకుల్?" అన్నాడు. నాకు ఏం తెలిసిపోయిందో అతనికి తెలుసు. నేను ఏం చేస్తానో కూడా, నాకంటే ముందే, తెలుసు.

ఆ నెలలోనే నా హెల్పర్ రిటైరయ్యాడు. గని ఇచ్చిన క్వార్టర్‌ను కొద్ది నెలల్లో ఖాళీ చేయాలి. ఊళ్ళో తండ్రి ఇచ్చిన జాగాలో ఇంటికి బేస్‌మెంట్ లేపి ఉంచాడు. చేతికొచ్చిన పీఎఫ్ డబ్బుతో గోడలు లేపి పైన రేకులు వేద్దామని అతని లెక్క. రేకులు వద్దని భార్య పట్టు. సలహా అడగడానికి ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు.

"నువ్వన్న చెప్పు బావా" అంది ఆమె. "మా దిక్కు కోతులు ఎట్లుంటయో ఎరుకనా? పది కోతులు ఒక్కసారి రేకుల మీద దుంకితె, ముసలితనాన గుండె ఆగి సస్తం. ఇన్నేండ్లు కంపెనీ క్వార్టర్ల ఉన్న. ఇగ నాకు స్లాబు కావాలె."

"స్లాబుకు పైసలు సరిపోవే, ఎన్నిసార్లు చెప్పాలె?" అన్నాడు అతను. నా వైపు తిరిగి, "నీ కంపెనీల పెడితె స్లాబుకు సరిపోయేటన్ని అయితయా అన్నా? మనోళ్లంత పెట్టిండ్రంట గద."

నేను వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. రేకులేసుకో తమ్మీ, కోతులు ఏం చేస్తాయి అంటే సరిపోయేది.

"ఒకసారి వచ్చి చూడు" అన్నాను.

తర్వాతి గురువారం పొద్దున్నే బస్సులో వెళ్ళాం. దారంతా తన ఇంటి ప్లాను చెబుతూనే ఉన్నాడు. వంటిల్లు ఎటు, అరుగు ఎటు, అరుగు మీద కూర్చుంటే ఏ చెట్లు కనపడతాయి. మిల్లు దగ్గర యజమాని మాకు కూల్‌డ్రింకులు ఇప్పించాడు. నా హెల్పర్ చెవి పెట్టాడు, చేయి తిప్పి ఆనించాడు, మిగతావాళ్ళలాగే తల ఊపాడు. కానీ అతను పంతొమ్మిదేళ్ళు నా దగ్గర పని నేర్చుకున్న మనిషి. బయటికి వచ్చాక కూల్‌డ్రింకు సీసా చేతిలో పట్టుకుని తల ఎత్తి నిలబడిపోయాడు.

"అన్నా."

"ఏంది?"

"గీ సర్వీసు వైరేంది గింత సన్నగుంది? మా ఊర్ల పిండి గిర్నికి గూడ దీనికన్న లావుంటది. గిన్ని డబ్బాలు దీని మీద నడుస్తయా?"

ఇప్పటికీ ఆ క్షణం నాకు చాలా పొడుగ్గా గుర్తుంది. నిజం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది అందులో.

"అది లైట్లకు, ఫ్యాన్లకు తమ్మీ" అన్నాను. "అసలు లైను ఎనకనుంచి ఉంది. భూమిలకెళ్లి కేబుల్ ఏసిండ్రు."

"అట్లనా. నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఐతే మంచిదే" అని సీసా ఖాళీ చేశాడు.

షెడ్డు వెనక్కి వెళ్ళి చూడడానికి యాభై అడుగులు చాలు. అతను వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం భద్రాచలం బస్టాండు ఎదురు హోటల్లో కూర్చుని, కొత్త షేర్లు అయిపోయాయని, కావాలంటే నావే రాసిస్తానని చెప్పాను. అతను భోజనం ఆపి నా చేయి పట్టుకున్నాడు.

"నీకు నష్టం గాదా అన్నా? నీ పిల్లలకు ఉంచుకోక..."

"ఫర్వాలే. నీ ఇల్లు ముఖ్యం" అన్నాను.

ఈ మాటలు నేనే అన్నాను. వేరే ఎవరో అన్నట్టు రాయాలని చాలాసార్లు ప్రయత్నించి కాగితాలు చింపాను. నేను కొన్న ధరకే అమ్మాను, రూపాయి లాభం తీసుకోలేదు. ఆ ఒక్క విషయం చాలాకాలం నన్ను సుఖంగా నిద్రపుచ్చింది. మనిషి తన మీద తాను కేసు పెట్టుకుని, తానే వకీలై, తానే తీర్పు చెప్పుకుంటే ఎంత తేలిగ్గా బయటపడతాడో మీకు వయసు వచ్చాక తెలుస్తుంది. కాగితాలు రాసిన వారానికి అతను రెండు నాటుకోళ్ళు పట్టుకుని ఖమ్మం వచ్చాడు, భార్య పంపిందని. వండుకుని తిన్నాం. చాలా రుచిగా ఉన్నాయి.

ఆ డబ్బుతో మా ఇంటి మీద పై పోర్షన్ కట్టించాను. స్లాబు వేసిన మర్నాటి నుంచి దగ్గరుండి నీళ్ళు పట్టించాను.

ఐదు నెలలకు కంపెనీ ఫోన్లు పలకడం మానేశాయి. వెళ్ళి చూస్తే మిల్లు గేటుకు అసలు ఓనరు తాళం వేసి ఉంది, ఆయనకూ కిరాయి ఎగ్గొట్టారట. పెట్టెల్లో కొన్ని లోపలే వదిలేసి పోయారు. హాలేజీ ఆపరేటరు ఒకటి విప్పి చూశాడు. రెండు ఫ్యాన్లు, బరువు కోసం ఒక ఇనుప ముక్క. అందరం కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. మోసపోయినవాళ్ళ జాబితా రాస్తుంటే ఆపరేటరు నా భుజం మీద చేయి వేసి, "ముందుగాల ఈయన పేరు రాయండ్రి సార్. పాపం, మా అందరికన్న ముందు మునిగిండు" అన్నాడు. రైటరు రాశాడు. నేను రాయనిచ్చాను. నన్ను తిట్టవలసిన మనుషులు నాకు ధైర్యం చెబుతూ బస్టాండుదాకా వచ్చి టీ తాగించి పంపారు.

క్వార్టర్ గడువు అయిపోయింది. నా హెల్పర్ ఖాళీ చేసే రోజు నేనూ వెళ్ళి సామాను వ్యానులోకి ఎక్కించాను. బీరువా రెండో పక్క పట్టుకున్నది నేనే. అతని భార్య పొయ్యి రాయిని గుడ్డలో చుడుతూ అడిగింది.

"మన పైసలు వస్తయా బావా?"

"వస్తయమ్మా. కేసు నడుస్తుంది గద."

వాళ్ళు ఊరు వెళ్ళి, తమ్ముడి ఇంటి గోడకు రేకులు వాల్చి, దాని కింద కాపురం పెట్టారు. ఎదురుగా తమ ఇంటి బేస్‌మెంట్.

వానాకాలంలో మా పై పోర్షన్‌లోకి ఒక టీచరమ్మ కిరాయికి దిగింది. మొదటి నెల కిరాయి చేతిలో పెడుతూ, "మీ స్లాబు ఎంత గట్టిగా వేయించారండీ! ఇంత వాన పడ్డా ఒక్క చుక్క దిగలేదు" అంది. ఆ మాట మంచిదే. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను. అంతకుముందు నాకు పశ్చాత్తాపం లేదని కాదు. ఉండేది, కానీ పని చేయకుండా కూర్చునేది. రెండు రోజుల తర్వాత చర్ల బస్సు ఎక్కాను.

అతను వాకిట్లో మంచం నవారు బిగిస్తున్నాడు. భార్య చేటలో బియ్యం ఏరుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేశాను. వైరు నేను ముందే చూశానని, జనరేటర్ చచ్చినదని తెలుసని, భూమిలో కేబుల్ లేదని తెలుసని, తెలిసే నా షేర్లు అమ్మానని.

అతను నవారు వదల్లేదు. ఇంకో వరస బిగించి అన్నాడు.

"నేను గూడ చూసిన గదన్నా. నా కండ్లతోటి చూసిన. సన్న వైరని నాకు తెలుసు. నువ్వు చూసిన అంటివి... నా కండ్లే అబద్ధమనుకున్న."

నవారు ముడి వేసి లేచి, గొడ్డలి తీసుకుని తమ్ముడి చేను వైపు వెళ్ళిపోయాడు. తిట్టలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నాతో మళ్ళీ మాట్లాడలేదు కూడా.

భార్య చేట పక్కన పెట్టింది. "ఇల్లమ్మి ఇస్తవా బావా?" అని సూటిగా అడిగింది.

ఇల్లు మా అబ్బాయి పేరు మీద ఉంది. బయల్దేరే ముందే వాణ్ణి అడిగాను. "నేనేం తప్పు చేశాను నాన్నా? నువ్వుండగా కిరాయి నీ ఇష్టం. తర్వాత నన్నడగొద్దు" అన్నాడు. వాడితో పోట్లాడవచ్చు. పోట్లాడలేదు. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పై పోర్షన్ కిరాయి, నా పెన్షన్‌లో సగం, నెలనెలా ఫోన్‌లో పంపుతానన్నాను.

ఆమె నవ్వింది. అలాంటి నవ్వు నేను మళ్ళీ చూడకూడదు.

"ఫోన్ల ఎయ్యకు. ఫోన్ల ఏసినోడికి మేమెట్లున్నమో ఏమెరుక? నువ్వే బస్సెక్కి రా. నా చేతికియ్యి. గీ రేకుల కింద కూసోని, చాయ్ తాగి పో. నెల నెల రావాలె."

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి వారంలో వెళ్తున్నాను. ఖమ్మం నుంచి చర్ల వరకు మంచి బస్సు దొరికినా మధ్యాహ్నం దాటుతుంది. ఆ తర్వాత ఊరికి ఆటో, వానైతే నడక. పోలీసు క్యాంపు దగ్గర మొదట్లో ఆపి అడిగేవాళ్ళు, ఎందుకు వస్తున్నావని. బాకీ అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడగడం లేదు. నేను వచ్చే వేళకు అతను చేనుకు వెళ్ళి ఉంటాడు. ఆమె డబ్బు తీసుకుని, లెక్క చూడకుండా చెంగున ముడేసి, చాయ్ పెడుతుంది. వాళ్ళ ఇంటి ఖర్చులు పోను కొన్ని నెలలు వంద ఇటుకలు వస్తాయి, కొన్ని నెలలు సిమెంటు. బేస్‌మెంట్ మీద గోడ ఇప్పుడు నా మోకాలి దాటింది. దాని మీద వాళ్ళ మేకలు ఎక్కి పడుకుంటాయి.

మిగతా పదకొండు మందికి ఉత్తరాలు రాశాను. హాలేజీ ఆపరేటరు తిరుగు ఉత్తరం రాయలేదు, పెళ్ళిళ్ళలో కనిపిస్తే మొహం తిప్పుకుంటున్నాడు. స్టేషన్‌కు వెళ్ళి మోసపోయినవాళ్ళ జాబితాలోంచి నా పేరు తీసేయమని, నా మాటలు రాసుకోమని చెప్పాను. రాసుకున్నారు. పిలిచినప్పుడు వెళ్తున్నాను.

మొన్న నెల వెళ్ళినప్పుడు ఆమె చాయ్ గ్లాసు ఇచ్చి, గోడ వైపు చూస్తూ అడిగింది.

"గిట్లనే ఇస్తపోతే స్లాబు దాక ఎన్నేండ్లు పడుతది బావా?"

మనసులో లెక్క కట్టాను. "ఇంకా ఆరేండ్లు పట్టొచ్చమ్మా."

"ఆరేండ్లా? ఇప్పుడు నీకెన్ని?"

"అరవై ఏడు."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది, సంతలో గొడ్డును చూసినట్టు. నా చేతిలోంచి గ్లాసు వెనక్కి తీసుకుని, అందులో చక్కెర ఎక్కువైందని పారబోసి, ఇంకోటి పోసుకొచ్చింది.

"బీపీ గోలీలు టైముకు ఏసుకుంటున్నవా మరి?" అంది.